ఉమ్మడి బీమా పాలసీని ఎవరు రద్దు చేయొచ్చు? అపోహలు - వాస్తవాలు

నేను బీమా పాలసీల సర్వీసింగ్ పనిలో ఉన్నాను. పాలసీ రద్దు చేయమని ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మొదట అనే మాట, "పాలసీలో నా పేరు కూడా ఉందండీ." పేరు ఉంటుంది, నిజమే. ఏ హోదాలో ఉందన్నది చూడాలి. ఒకే పాలసీలో పాలసీదారు ఒకరు, బీమా రక్షణ పొందేవారు ఇంకొకరు, నామినీ మరొకరు కావచ్చు. కంపెనీతో ఒప్పందం చేసుకున్నది పాలసీదారు కాబట్టి రద్దు చేసే హక్కు మామూలుగా ఆ వ్యక్తిదే.

అపోహ: ప్రీమియం నా ఖాతా నుంచి పోతోంది, కాబట్టి హక్కు నాదే.

వాస్తవం: డబ్బు కట్టినంత మాత్రాన ఆ హక్కు రాదు. కానీ నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. రద్దు చేసే హక్కు లేని మనిషి కూడా ఆటో డెబిట్ ఆపేయగలడు. గ్రేస్ పీరియడ్ (గడువు తేదీ తర్వాత ప్రీమియం కట్టడానికి ఇచ్చే అదనపు సమయం) దాటగానే పాలసీ లాప్స్ అవుతుంది, అంటే రక్షణ ఆగిపోతుంది. రద్దుకు ఇద్దరి సంతకాలు కావాలని రాసి ఉన్నా అప్పుడు పనికిరాదు. విడిపోయిన దంపతుల్లో ఒకావిడ విషయంలో ఇలాగే జరిగింది. కారు నడుపుతున్నది ఆమె, ప్రీమియం కట్టాల్సింది ఆయన. నోటీసులన్నీ ఆయన ఫోన్‌కే వెళ్లాయి. పాలసీ లేదన్న సంగతి యాక్సిడెంట్ అయ్యాక గానీ ఆమెకు తెలియలేదు. క్లెయిమ్ రాదని ఆమెకు చెప్పాల్సి వచ్చింది నేనే. ఆ రోజు నుంచి ఉమ్మడి పాలసీ ఉన్న ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: నోటీసులు మీకూ వచ్చేలా మీ నంబర్, చిరునామా చేర్చమని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే, ప్రీమియం పడిందో లేదో గడువు తేదీకి మీరే కనుక్కోండి.

అపోహ: రెండు పేర్లుంటే ఇద్దరికీ సమాన హక్కు.

వాస్తవం: పాలసీ షరతుల్లో ఎలా రాసి ఉంటే అలాగే. కొన్నింటిలో పాలసీదారుల్లో ఎవరు అడిగినా చాలు, కొన్నింటిలో అందరూ సంతకం చేయాలి. ఇద్దరి యాజమాన్యంలో ఉన్న జీవిత బీమా పాలసీని సరెండర్ చేయాలంటే (గడువుకు ముందే వదులుకుని డబ్బు వెనక్కి తీసుకోవాలంటే) సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. వ్యాపార పాలసీల్లో మాత్రం షెడ్యూల్‌లో (పాలసీ వివరాలుండే పేజీలో) మొదట ఉన్న పేరుకు చాలాసార్లు ప్రత్యేక స్థానం ఉంటుంది. రద్దు కోరేది ఆ వ్యక్తే, రీఫండ్ వెళ్లేదీ ఆ వ్యక్తికే. భాగస్వాములు దరఖాస్తు నింపేటప్పుడు మొదటి గడిలో ఎవరి పేరు రాస్తున్నామా అని ఆలోచించరు. దయచేసి ఆలోచించండి.

అపోహ: నేను బయటికి రావాలంటే పాలసీ రద్దు చేయాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. చాలా పాలసీల్లో ఎండార్స్‌మెంట్ (ఉన్న పాలసీలో కంపెనీ రాతపూర్వకంగా చేసే మార్పు) ద్వారా ఒక పేరు తీయించవచ్చు, మిగిలినవాళ్ల రక్షణ కొనసాగుతుంది. కొన్ని ఉమ్మడి జీవిత బీమా పాలసీలను రెండుగా విడగొట్టే వీలు కూడా ఉంటుంది. ఏది చేసినా ముందు కొత్త పాలసీ చేతికి రానివ్వండి, ఆ తర్వాతే పాతదాన్ని కదిలించండి. ముఖ్యంగా ఆరోగ్య, జీవిత బీమాల్లో కొత్త పాలసీ ఇచ్చేముందు మీ ఆరోగ్యాన్ని మళ్లీ చూస్తారు. విడాకుల కేసు నడుస్తుంటే లాయర్‌ని అడగకుండా ఏ పాలసీనీ ముట్టుకోవద్దు. కోర్టు ఉత్తర్వు ఉంటే పాలసీదారుకైనా రద్దు చేసే వీలుండకపోవచ్చు.

అపోహ: ఆఫీసు ఇచ్చే గ్రూప్ పాలసీ నాది.

వాస్తవం: మాస్టర్ పాలసీ సంస్థ పేరు మీద ఉంటుంది. మీ దగ్గర ఉన్నది అందులో మీరు సభ్యులని చెప్పే పత్రం. కాబట్టి ఇక్కడ పాలసీదారు మీరు కాదు, సంస్థే.

అపోహ: ఇల్లు నాది, పాలసీ నాది, మధ్యలో బ్యాంకుకు ఏం పని?

వాస్తవం: లోన్ ఉంటే, ఇంటికి బీమా ఉంచాలని మీరు సంతకం పెట్టిన లోన్ ఒప్పందంలోనే సాధారణంగా రాసి ఉంటుంది. పాలసీలో బ్యాంకు పేరుంటే రద్దు విషయాన్ని బీమా కంపెనీ సాధారణంగా బ్యాంకుకు తెలియజేస్తుంది. అప్పుడు బ్యాంకు తనే ఒక పాలసీ తీసుకుని, ఆ ఖర్చు మీ లోన్‌లో కలపవచ్చు. అలాంటి పాలసీకి ఖర్చు ఎక్కువ, ఇంట్లోని మీ సామానుకు అందులో రక్షణ ఉండకపోవచ్చు.