ఎక్స్ జపాన్: 'వియ్ ఆర్ ఎక్స్' సినిమాకు ముందు జరిగిన కథ

జపాన్ రాక్ బ్యాండ్ ఎక్స్ జపాన్ కచేరీలో డ్రమ్మర్ యోషికి "వియ్ ఆర్!" అని కేక పెడతారు. జనమంతా తల పైన చేతులు ఇంటూ గుర్తులా పెట్టి "ఎక్స్!" అని గెంతుతారు. స్టీఫెన్ కిజాక్ డాక్యుమెంటరీకి పేరు ఆ కేకే. 2014లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన కచేరీ ఏర్పాట్లను వెంబడించే ఈ సినిమా 2016లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో విడుదలై, ఎడిటింగ్‌కు అవార్డు తెచ్చుకుంది. అసలు కథ మాత్రం చీబా ప్రాంతంలోని తతెయామా అనే ఊళ్లో మొదలైంది.

యోషికికి పదేళ్లప్పుడు తండ్రి ఆత్మహత్య చేసుకున్నారు. అప్పటిదాకా పియానో నేర్చుకుంటున్న పిల్లాడు డ్రమ్స్ పట్టాడు. ఆ రెండూ ఆయన సంగీతంలో ఇప్పటికీ పెనుగులాడుతూనే ఉంటాయి. 1993 నాటి 'ఆర్ట్ ఆఫ్ లైఫ్' ఒక్క పాటే 29 నిమిషాలు. అందులో గిటార్లూ డ్రమ్సూ ఆగిపోయి పియానో ఒక్కటే మిగులుతుంది. మొదట మెల్లగా, తర్వాత శ్రుతి తప్పి, మెట్లను మొత్తుతున్నట్టు. మాటల్లో చెప్పలేని దుఃఖం అలాగే ఉంటుందేమో అనిపిస్తుంది నాకు.

చిన్ననాటి స్నేహితుడు తోషి గాయకుడిగా 1982లో బ్యాండ్ మొదలైంది. నిక్కబొడిచిన జుట్టు, ముఖం నిండా రంగులు: 'విజువల్ కెయ్' అనే ధోరణికి దారి వేసింది వీళ్లే. 1989లో 'బ్లూ బ్లడ్' ఆల్బమ్‌తో దేశమంతా మారుమోగారు. 1992లో బాసిస్టు తైజీ బయటికి వెళ్లారు. కారణం యోషికి సినిమాలోనూ చెప్పరు. ఈ సినిమాలో నాకు వెలితిగా తోచింది అదే.

తోషి మనసుల్ని లొంగదీసుకునే ఒక కల్ట్ బృందం ప్రభావంలో పడి 1997లో బ్యాండ్ వదిలేశారు. ఆ డిసెంబరు 31న టోక్యో డోమ్ స్టేడియంలో చివరి కచేరీ. నాలుగు నెలలు తిరిగేసరికి, 1998 మే 2న, గిటారిస్టు హిదే 33 ఏళ్లకే పోయారు. పోలీసులు ఆత్మహత్య అన్నారు, తోటివాళ్లు ప్రమాదమన్నారు. అంత్యక్రియలకు టోక్యోలోని త్సుకిజి హోంగాన్‌జి ఆలయం దగ్గర దాదాపు 50,000 మంది పోగయ్యారు.

2007లో మళ్లీ కలిశారు. మరుసటి ఏడాది అదే డోమ్‌లో 'ఆర్ట్ ఆఫ్ లైఫ్' వాయిస్తూ హిదే రూపాన్ని వెలుగు బొమ్మగా పక్కన నిలబెట్టుకున్నారు. 2011లో తైజీ పసిఫిక్ దీవి సైపాన్‌లో చనిపోయారు. ఏళ్ల తరబడి తల విదిలిస్తూ వాయించడంతో యోషికి మెడ దెబ్బతింది. పట్టీ కట్టుకుని డ్రమ్స్ ముందు కూర్చుంటారు.

సినిమా వచ్చిన ఏడేళ్లకు, 2023లో, తైజీ స్థానంలో వచ్చిన హీత్ కూడా క్యాన్సర్‌తో వెళ్లిపోయారు.