జీబీఎస్‌కు అసలు జవాబు హెబెయ్ పల్లెల్లో దొరికింది

గుంటూరు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో జీబీఎస్ (గిలాన్-బరే సిండ్రోమ్ అనే నరాల జబ్బు) మాట మళ్లీ తిరుగుతోంది. ఎవరికో కాళ్లు చచ్చుబడ్డాయని, వెంటిలేటర్ మీద పెట్టారని ఒక మెసేజ్ వస్తుంది. దాని వెనకే "ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకే ఇది వస్తుంది, పెంచుకోండి" అంటూ కషాయాల జాబితా వస్తుంది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జీజీహెచ్‌లో ప్రకాశం జిల్లా మహిళ ఒకరు ఈ జబ్బుతో చనిపోయినప్పుడూ ఇదే మాట వినపడింది. పుణెలో కేసులు 200 దాటిన రోజులవి. ఆ వార్తలన్నీ అందరూ చదివినవే, మళ్లీ రాయను. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గితే వచ్చే జబ్బా ఇది అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగుతాను. ఎందుకంటే దానికి జవాబు దొరికి ముప్ఫై ఏళ్లు కావస్తోంది.

ఉత్తర చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో ఏటా వేసవిలో పల్లెల నుంచి పిల్లలు షిజియాజువాంగ్ ఆసుపత్రికి వచ్చేవారు. నిన్నటిదాకా ఆడుకున్న పిల్లలకు ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పేవి, తర్వాత చేతులు, కొందరికి ఊపిరి. స్పర్శ మాత్రం బాగానే ఉండేది. పోలియో అనే అనుమానం ఉండేది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నుంచి గై మెక్‌ఖాన్, జాన్ గ్రిఫిన్, పెన్సిల్వేనియా నుంచి ఆర్థర్ ఆస్‌బరీ అక్కడి వైద్యులతో కలిసి ఈ పిల్లలను పరీక్షించి, 1991లో లాన్సెట్ పత్రికలో రాశారు. అది పోలియో కాదు. జీబీఎస్‌లోనే ఒక రకమని, నరంపై పొర కాకుండా నరం తీగే దెబ్బతినే రకమని తర్వాతి పరిశీలనల్లో తేలింది.

ఆస్‌బరీ పేరు ఇక్కడ ముఖ్యం. అంతకుముందు రాజ్యమేలిన సిద్ధాంతానికి పెద్ద దిక్కు ఆయనే. 1969లో ఆయన, సహచరులు జీబీఎస్‌తో చనిపోయినవారి నరాల్లో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు గుమిగూడి ఉండటం చూపించారు. 1955లో వాక్స్‌మన్, ఆడమ్స్ కుందేళ్లకు నరాల జబ్బు తెప్పించిన ప్రయోగం కూడా అటే చూపింది. దాంతో లింఫోసైట్లలో ఒక రకమైన టీ కణాలే నరాలను కొరికేస్తున్నాయని వైద్యలోకం నమ్మింది. లింఫోసైట్లను అణిచే మందు స్టెరాయిడ్ కాబట్టి అదే వాడారు. 1978లో బ్రిటన్‌లో హ్యూస్ బృందం పరీక్షించి చూస్తే మాత్రలతో లాభం కనపడలేదు. 1993లో 242 మంది మీద సెలైన్ ద్వారా ఎక్కించి చూసినా తేడా రాలేదు. కారణం సరిగ్గా పట్టుకోకపోతే మందు కూడా గురి తప్పుతుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇప్పటికీ జీబీఎస్ అనగానే "స్టెరాయిడ్ ఇవ్వలేదేంటి" అని అడిగే బంధువులు ఉన్నారు. ఆ ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది.

క్రిములకు అంటుకునేందుకు ఒళ్లు తయారుచేసే ప్రొటీన్లయిన యాంటీబాడీలదే తప్పన్న రెండో వర్గం చిన్నది. అమెరికాలోని మేరీలాండ్‌లో క్యారల్ లీ కోస్కీ 1985లోనే, నరాల పొరకు అంటుకునే యాంటీబాడీలను రోగుల రక్తంలో కొలిచి చూపించారు. ఆవిడ కొలిచిన పద్ధతే అసలు విషయం చెబుతుంది. ఆ యాంటీబాడీలు కాంప్లిమెంట్‌ను పట్టుకుంటాయా లేదా అన్నదే ఆవిడ కొలత.

కాంప్లిమెంట్ అంటే రక్తంలో ఎప్పుడూ తిరుగుతుండే ప్రొటీన్ల దండు. వీటిలో ఎక్కువ భాగం కాలేయంలో తయారవుతాయి. ముప్ఫైకి పైనే ఉంటాయి. మామూలుగా మౌనంగా ఉంటాయి. సూక్ష్మజీవి మీద యాంటీబాడీ అంటుకోగానే సీ1క్యూ అనే ప్రొటీన్ దాన్ని గుర్తుపడుతుంది. అది తన పక్కవాటిని లేపుతుంది, అవి సీ4ను, సీ2ను కోస్తాయి. అక్కడి నుంచి సీ3 చీలడం మొదలవుతుంది. మిర్చి గోదాములో అంటుకున్న నిప్పులాగే అడుగడుక్కీ పెరుగుతుంది. ఒక్క ఎంజైము ఎన్నో సీ3లను చీలుస్తుంది. ఆ ముక్కలు సూక్ష్మజీవికి అతుక్కుని, మింగే కణాలకు గుర్తు చూపుతాయి. చిన్న ముక్కలు మిగతా కణాలను పిలుస్తాయి. చివరకు సీ5 నుంచి సీ9 దాకా కలిసి ఎదుటి పొరలో ఒక గొట్టంలాంటి కన్నం చేస్తాయి. అంతే, ఆ కణం పని అయిపోతుంది. యాంటీబాడీ లేకుండానే ఇది మొదలయ్యే దారులు మరో రెండున్నాయి గానీ, ఈ కథలో ముఖ్యమైనది మొదటిదే.

మన కణాలకు ఈ నిప్పు అంటకుండా సీడీ59 వంటి కాపలా ప్రొటీన్లు ఉంటాయి. సీ5 నుంచి సీ9 వరకు ఏదో ఒకటి పుట్టుకతో లేనివారికి మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్ పదేపదే సోకే ప్రమాదం ఉంది. ఇమ్యూనిటీ తగ్గడమంటే అలా ఉంటుంది. జీబీఎస్ వచ్చినవాళ్లలో జరిగేది దానికి పూర్తిగా ఎదురు.

హెబెయ్‌లో చనిపోయిన కొందరి నరాలను హాప్కిన్స్‌లో పరిశీలించే అవకాశం దొరికింది. జబ్బు మొదలైన కొద్ది రోజుల్లోనే చనిపోయినవారు అందులో ఉండటమే ఈ కథను మలుపు తిప్పిందని నా అభిప్రాయం. ఆలస్యంగా చూస్తే కనపడేది శుభ్రం చేయడానికి వచ్చిన కణాలే. తొలి రోజుల్లో చూస్తేనే మంట పెట్టిందెవరో తెలుస్తుంది. 1996లో హేఫర్-మాకో, గ్రిఫిన్ బృందం రాసింది ఇదీ: కండరాలను కదిలించే మోటారు నరాల కణుపుల దగ్గర, నరం తీగ పొర మీద, యాంటీబాడీలతో పాటు సీ3 ముక్కలు అతుక్కుని ఉన్నాయి. నరంపై పొర దెబ్బతినే రకంలో కూడా పొరను తయారుచేసే కణాల వెలుపలి అంచున కాంప్లిమెంట్ కనపడింది, ఆ చివరి కన్నపు ప్రొటీన్లతో సహా. లింఫోసైట్లు అప్పటికి అంతగా లేవు. ఈ 1996 నాటి పత్రాలకు ఆస్‌బరీ కూడా సహరచయిత. తన పాత సిద్ధాంతానికి ఎదురు వెళ్లే రుజువుల వెంట తానే నడిచిన మనిషికి చేతులెత్తి నమస్కరించాలి.

మరి యాంటీబాడీలు నరాల మీదకు ఎందుకు వెళ్లాయి? ఆ జవాబు కూడా ఆ పల్లెల నీళ్లలో, కోళ్లలో ఉంది. నరం తీగ దెబ్బతిన్న ఆ రకం రోగుల్లో నలుగురికి ముగ్గురి దాకా క్యాంపైలోబ్యాక్టర్ ఇటీవలే సోకిన గుర్తులు రక్తంలో కనపడ్డాయి. జపాన్‌లో నొబుహిరో యూకి బృందం 1993 నాటికే ఆ బ్యాక్టీరియా పైపొరలోని ఒక చక్కెర గొలుసు, మన మోటారు నరాల మీదుండే జీఎం1 గొలుసు ఒకేలా ఉంటాయని చూపింది. విరేచనాల క్రిమిని చంపడానికి ఒళ్లు గట్టిగా, చక్కగా పోరాడుతుంది. వారం నుంచి మూడు వారాల్లో అదే యాంటీబాడీ నరాన్ని క్రిమి అనుకుంటుంది, వెనకే కాంప్లిమెంట్ వస్తుంది. కన్నం పడిన చోట కాల్షియం లోపలికి దూరి నరాన్ని లోపలి నుంచే కోసేస్తుంది. క్యాంపైలోబ్యాక్టర్ సోకిన వెయ్యి మందిలో ఒకరికి, అంతకంటే తక్కువ మందికి ఇలా జరుగుతుంది. పుణె రోగుల నమూనాల్లోనూ ఈ క్రిమి కనపడింది.

అందుకే కషాయాల జాబితా చూస్తే బాధేస్తుంది. ఆ జాబితా పంపేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ అది చదివిన కుటుంబం, మా మనిషికి సరిగ్గా తిండి పెట్టలేకపోయామేమో అని కుమిలిపోతుంది. జాగ్రత్త పడాల్సింది నీళ్ల దగ్గర, సరిగ్గా ఉడకని కోడిమాంసం దగ్గర. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో కలుషిత నీళ్లు తాగి అతిసారంతో జనం చనిపోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. పైపుల్లోకి మురుగు కలవడం మన రెండు ఊళ్లకూ కొత్త కాదు. క్లోరిన్, మరిగించడం రెండూ క్యాంపైలోబ్యాక్టర్‌ను చంపుతాయి.

వైద్యం సంగతి. రక్తంలోని ప్లాస్మాను మార్చడం పనిచేస్తుందని 1985లో అమెరికాలో, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం) దానికి సమానమని 1992లో నెదర్లాండ్స్‌లో తేలింది. ఎక్కించిన యాంటీబాడీలు కాంప్లిమెంట్ ముక్కలను తమకు అతికించుకుని నరం దాకా పోనివ్వకపోవడం ఐవీఐజీ పనిచేసే తీరుల్లో ఒకటి. సీ5ను ఆపే ఎకులిజుమాబ్ మీద జపాన్‌లో పెట్టుకున్న ఆశ నెరవేరలేదు. కానీ ఇంకా పైన, సీ1క్యూ దగ్గరే ఆపే మందును బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్‌లలో 241 మందికి ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే బాగా కోలుకున్నారని 2024లో ప్రకటించారు. ఐవీఐజీ కొనలేని పేద రోగులు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఈ పరీక్ష జరిగింది.

సూర్యారావుపేటలో అయినా, కొత్తపేటలో అయినా ఐసీయూ బయట కూర్చున్న కుటుంబం వారం తర్వాత అడిగేది ఒకటే: "ఇంకా లేవలేదు, మరో కోర్సు వేయమంటారా?" ఒక ఐవీఐజీ కోర్సంటే కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున, 60 కిలోల మనిషికి 120 గ్రాములు. అప్పు చేసి మొదటి కోర్సు వేయించినవాళ్లు రెండోదానికి బంగారం తాకట్టు పెడతారు. నెదర్లాండ్స్‌లో దీన్నే పరీక్షించి 2021లో ఫలితం చెప్పారు. తీవ్రంగా ఉన్న రోగుల్లో వెంటనే రెండో కోర్సు వేసినా లాభం లేదు, పైగా రక్తం గడ్డకట్టడం వంటి తీవ్ర ఇబ్బందులు పెరిగాయి. కాంప్లిమెంట్ చేయాల్సిన నష్టం తొలి రోజుల్లోనే చేసేస్తుంది. ఆ తర్వాత నరానికి కావాల్సింది నెలల సమయం, ఊపిరి ఆగకుండా చూసుకునే వెంటిలేటర్, రోజూ ఫిజియోథెరపీ.