ముందు టౌన్ బడి, తర్వాత నవోదయ? అపోహలు - వాస్తవాలు

ఒడిశా రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లెలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతాను. నవోదయ (కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి) ఆరో తరగతి ఫారాలు వచ్చాయంటే సాయంత్రాలు వాటితోనే సరిపోతుంది. ఏటా ఒక్క తండ్రైనా వచ్చి ఇదే మాట అంటాడు: "మాస్టారూ, పిల్లాణ్ణి నాలుగులోనే పార్వతీపురం ఇంగ్లీష్ మీడియంలో వేశాం. బాగా తయారయ్యాడు. ఇంక నవోదయ రాయించేద్దాం."

అపోహ: టౌన్‌లో చదివిస్తేనే నవోదయ సీటు.

వాస్తవం: టౌన్‌కి పంపడం వల్లే సీటు పోతోంది. రాయగడ జిల్లా నవోదయకు రాయాలంటే ఐదో తరగతి ఈ జిల్లాలోనే చదువుతుండాలి, కాపురమూ ఇక్కడే ఉండాలి. ఆంధ్రాలో ఉన్న పార్వతీపురంలో చదివే పిల్లాడు ఇక్కడికి పనికిరాడు. కాపురం ఇక్కడ కాబట్టి అక్కడికీ పనికిరాడు. ఇంకోటి కూడా ఉంది. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు మొత్తం పల్లె బడిలోనే చదవాలి. మధ్యలో ఒక్క రోజు టౌన్ బడిలో చదివినా అర్బన్ కిందే లెక్క. జిల్లా దాటక్కర్లేదు, గుణుపురం టౌన్ బడి అయినా అంతే. పోనీ వచ్చే ఏడు చూద్దామంటే, ఈ పరీక్ష ఒక్కసారే. ఐదు మళ్ళీ చదివి రాస్తామంటే ఒప్పుకోరు.

రెండేళ్ళ కిందట ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. హాస్టల్ ఫీజు కోసం జీడితోట తాకట్టు పెట్టాడు. నేను ఫారం తెరిచి, ఐదో తరగతి ఏ జిల్లాలో అన్న చోట ఆగిపోయాను. పక్క కుర్చీలో పిల్ల పాత పేపర్ ముందేసుకుని బొమ్మల ప్రశ్నలకు పెన్సిల్‌తో టిక్కులు పెడుతోంది. తర్వాత చూస్తే నలభైకి ముప్పై ఏడు సరైనవే. ఆయన ఆధార్ కార్డు, ఫొటోలు మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంటూ, "రెండో క్లాసులో ఉన్నప్పుడే ఎవరైనా చెప్పుంటే బాగుణ్ణు మాస్టారూ" అన్నాడు. తప్పు ఆయనది కాదు. పిల్ల బాగుపడాలనే అప్పు చేశాడు. టౌన్‌కి పంపితే చాలని చెప్పినవాళ్ళు మాత్రం ఈ నిబంధన ఒక్కసారైనా చదివారా?

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీష్ రాకపోతే ఎలా అని మరో టెన్షన్. ఒడియా మీడియం పిల్లలు పరీక్ష ఒడియాలోనే రాస్తారు. 80 ప్రశ్నలు, రెండు గంటలు. ఇంగ్లీష్ పేపర్ లేదు.

డబ్బులిస్తే సీటు వస్తుందంటారు. పచ్చి అబద్ధం. దరఖాస్తుకి రూపాయి ఫీజు లేదు. తిండి, వసతి, పుస్తకాలు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి నెలకు 600 రూపాయలు ఉంటుంది, అదీ ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, బీపీఎల్ పిల్లలకు లేదు. నవోదయ రాకపోతే ఒడిశా ఆదర్శ విద్యాలయ ఉంది. బ్లాకుకొకటి, ఫీజు లేని ఇంగ్లీష్ మీడియం. దానికీ ఆరో తరగతికి ప్రవేశ పరీక్షే.

ఇక కంప్యూటర్ సంగతి. ల్యాప్‌టాప్ కొంటేనే వస్తుందని ఈఎంఐలకు దిగకండి. నా దగ్గర ఒక పాత డెస్క్‌టాప్ దగ్గర నలుగురు కూర్చుంటారు. రంగు ముక్కలు అతికించి ప్రోగ్రామ్ రాయడం నేర్పే స్క్రాచ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ అక్కర్లేదు. ఒకరు మౌస్ పట్టుకుంటే మిగతా ముగ్గురు "ఆ ముక్క కాదు, దాని కింద అతికించు" అని అరుస్తుంటారు. స్క్రీన్ మీద పిల్లి బొమ్మ గోడకు తగిలి వెనక్కి తిరిగిన రోజు ఇంటికి వెళ్ళమన్నా కదల్లేదు.

పెద్దపిల్లలకు వేలు పోసి కొనే సర్టిఫికెట్లు వద్దు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ పెట్టే సీసీసీ అనే కంప్యూటర్ ప్రాథమిక పరీక్ష ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చేరకుండానే నేరుగా రాయొచ్చు. 100 ప్రశ్నలు, 90 నిమిషాలు.

మీ పిల్ల ఇప్పుడు రెండో తరగతిలో ఉండి, మీరు నవోదయ అనుకుంటుంటే, వచ్చే మూడేళ్ళూ ఊరి బడి మార్చకండి. ఇప్పటికే మార్చేసి, పిల్ల ఇంకా ఐదులో చేరకపోతే ఒకసారి కాగితాలు పట్టుకుని రండి. రూరల్ కోటా పోయినా, ఐదు ఈ జిల్లాలో చదివితే పరీక్ష రాసే వీలుంటుంది.