అద్దె ఇంటి సంరక్షణ: అపోహలు – వాస్తవాలు

గుంటూరు, విజయవాడ నగరాలలో సొంత ఇల్లు ఉండి, ఉద్యోగాల కోసమో పిల్లల దగ్గర ఉండటం కోసమో వేరే చోట స్థిరపడిన యజమానుల తరఫున వారి ఇళ్లను అద్దెకు ఇవ్వడం, మరమ్మతులు చేయించడం, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు లెక్క తేల్చడం నా వృత్తి. బడులు మూసి తెరిచే మే, జూన్ నెలలలోనే ఎక్కువ ఇళ్లు చేతులు మారతాయి కనుక తగవులు కూడా అప్పుడే ఎక్కువగా వస్తాయి. పైకి డబ్బు తగవులుగా కనిపించే వాటిలో చాలా వాటికి మూలం ఒకే ఒక్క తప్పుడు నమ్మకం. దాని గురించే ఇక్కడ వివరంగా చెబుతాను, మిగిలినవి క్లుప్తంగా ముగిస్తాను.

అపోహ: "ఇల్లు వారిది, రిపేరు కూడా వారిదే. మనం నెల నెలా అద్దె కడితే చాలు."

వాస్తవం: మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలన్నది ఒక ప్రశ్న, పాడైన సంగతి ఎవరు చెప్పాలన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు అగ్రిమెంటును బట్టి, పాడైన వస్తువును బట్టి మారుతుంది. రెండోదానికి జవాబు మారదు. యజమాని ఎక్కడో ఉంటాడు, ఇంట్లో ఉండేది అద్దెకున్నవారు, గోడ చెమ్మెక్కడం ముందుగా కంటబడేది వారికే, కాబట్టి చెప్పవలసింది వారే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను, అగ్రిమెంటులో వేరే విధంగా రాసుకోనప్పుడు, స్థానిక ఆచారం వేరుగా లేనప్పుడు, ఇంటిని తీసుకున్ననాడు ఎలా ఉన్నదో అలాగే కాపాడి తిరిగి అప్పగించే బాధ్యతను అద్దెదారు మీద ఉంచింది. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు, మనిషి ఆపలేని విపత్తులకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. వివేకం గల మనిషి సొంత ఆస్తిని ఎలా వాడుకుంటాడో అలా వాడుకోవాలని కూడా ఆ సెక్షనే చెబుతున్నది. సొంత ఇంట్లో పైపు కారుతుంటే ఎవరూ నెలల తరబడి చూస్తూ ఊరుకోరు. అద్దె ఇంట్లో ఊరుకున్నప్పుడు "మామూలు అరుగుదల" అన్న మినహాయింపును అడగడం చాలా కష్టమవుతుంది.

చిన్న కారుడు ఎంత దూరం పోతుందో తెలిస్తే ఈ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. బాత్రూములో టైల్సు మధ్య పెట్టిన వైట్ సిమెంటు కొన్నాళ్లకు రాలిపోతుంది. ఆ సందులోంచి స్నానపు నీళ్లు రోజూ కొద్దికొద్దిగా దిగి, కింద ఉన్న శ్లాబులోకి చేరతాయి. శ్లాబులోని ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది కనుక చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి నెట్టి పగలగొడుతుంది, దాంతో కింది ఇంటి సీలింగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మొదట్లో చెబితే ఒక పూట పనిలో, కాస్త వైట్ సిమెంటుతో పోయేది, ఆ తర్వాత టైల్సన్నీ పగలగొట్టి, వాటర్‌ప్రూఫింగు చేసి, కొత్త టైల్సు పరిస్తే తప్ప ఆగదు. గోడలోపల వేసిన పైపు జాయింటు సంగతీ ఇంతే. సింకు కింద చుక్కచుక్కగా పడే నీరు కప్‌బోర్డు ప్లైవుడ్‌ను ఉబ్బించి వదిలిపెడుతుంది.

కొరిటెపాడులో నేను చూసుకునే ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో చంటిబిడ్డతో ఒక యువ దంపతులు ఉండేవారు. ఎంతో శుభ్రంగా ఉంచేవారు, ఒక్క నెల కూడా అద్దె ఆలస్యం చేయలేదు. బాత్రూము మూల కారుతున్నదని వారికి వానాకాలం మొదట్లోనే తెలుసు. సంక్రాంతి దాటాక కింది ఇంటి వంటగదిలో గట్టు మీద సీలింగు పెచ్చు ఊడిపడితే గాని నాకు తెలియలేదు. వెళ్లి అడిగితే ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, "చెబుదామనే అనుకున్నాం అన్నయ్యగారూ. ఇదివరకు ఉన్న ఇంట్లో ట్యాపు పాడైందని చెబితే ఆ ఓనరుగారు వెంటనే అద్దె పెంచారు. ఇక్కడ కూడా ఖాళీ చేయమంటారేమో, బిడ్డతో ఎక్కడికి వెళ్తాం అని భయపడ్డాం" అన్నది. బెంగళూరులో ఉన్న యజమానితో మాట్లాడి ఖర్చులో సగానికి పైగా ఆయన పెట్టుకునేలా ఒప్పించాను గాని, మిగిలినది అడ్వాన్సులోంచి పోయింది. తర్వాతి ఇంటికి కట్టుకోవలసిన అడ్వాన్సు వారికి అదే. చెడ్డవాళ్లు కాదు, నిర్లక్ష్యం ఉన్నవాళ్లు కూడా కాదు, భయం వల్ల నష్టపోయారు. నేను చూసిన వారిలో నోరు విప్పక నష్టపోయినవారంతా దాదాపు ఇలాంటి నెమ్మదస్తులే.

అందుకే అద్దెకున్నవారందరికీ ఒకే మాట చెబుతాను. చెమ్మ, కారుడు, పగులు, చెద, కాలిన వాసన వచ్చే స్విచ్చి బోర్డు, వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఫోను చేసి చెప్పండి, చెప్పిన వెంటనే అదే సంగతిని ఫోటోతో సహా వాట్సాప్‌లో పంపండి. ఫోనులో చెప్పిన మాటకు ఏడాది తర్వాత సాక్ష్యం ఉండదు, మెసేజికి తేదీతో సహా ఉంటుంది. పెద్ద భాష అవసరం లేదు. "నమస్కారమండి. బాత్రూములో కమోడు పక్కన గోడ అడుగున నిన్నటి నుంచి చెమ్మ కనబడుతున్నది. ఫోటో పంపుతున్నాను. ప్లంబరును పంపించగలరు." ఇంతే చాలు. జవాబు రాకపోతే వారం తర్వాత మళ్లీ ఒకసారి పంపండి. ఆ తర్వాత ఎంత నష్టం జరిగినా, దాన్ని మీ మీద మోపడం ఎవరికైనా కష్టమే.

యజమాని అసలు స్పందించకపోతే? నోటీసు ఇచ్చాక సమంజసమైన గడువులో చేయకపోతే అద్దెదారే చేయించుకుని, ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని అదే 108వ సెక్షను చెబుతున్నది. అయితే ఈ హక్కు యజమాని చేయవలసి ఉన్న మరమ్మతులకు మాత్రమే వర్తిస్తుంది, ఏవి చేయవలసి ఉన్నవో అగ్రిమెంటులో రాసుకోకపోతే అక్కడే వాదన మొదలవుతుంది. ముందుగా చెప్పకుండా పని చేయించి, రసీదు కూడా లేకుండా అద్దె తగ్గించి పంపేవారు తమ చేతులతోనే తమ హక్కును పోగొట్టుకుంటున్నారు.

ఇక ఖాళీ చేయిస్తారన్న భయం గురించి. అగ్రిమెంటు గడువు నడుస్తుండగా, రిపేరు అడిగారన్న ఒక్క కారణంతో సామాను బయట పెట్టించే అధికారం ఎవరికీ లేదు. గడువు లేకుండా నెలవారీగా నడిచే అద్దె ఒప్పందమైనా ముగించాలంటే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇచ్చినా ఖాళీ చేయకపోతే కోర్టు ద్వారానే తప్ప బలవంతంగా కాదు. ఈ మాట తెలిసిన తర్వాత చాలామంది ధైర్యంగా చెప్పగలుగుతున్నారు.

అపోహ: "ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించి ఇవ్వాలి, లేకపోతే ఒక నెల అద్దె వదులుకోవాలి."

వాస్తవం: అగ్రిమెంటులో అలా రాసుకుని సంతకం పెట్టి ఉంటే కట్టుబడాలి. లేకపోతే ఎండకు వెలిసిన రంగు, సోఫా ఆనిన చోట పడిన మరక మామూలు అరుగుదలే. ఎగ్జాస్టు ఫ్యాను వాడకుండా వండి వంటగది గోడను జిడ్డుతో నల్లబరచడం, పిల్లలు రంగు పెన్సిళ్లతో గోడంతా గీయడం అరుగుదల కిందికి రావు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం గోడల సున్నం, తలుపుల రంగులు, పైపుల మార్పిడి, వైరింగు, కట్టడం మరమ్మతులు యజమాని వంతు అన్నది. కాలువల శుభ్రత, ట్యాపులు, వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, కిటికీ అద్దాలు, గీజరు, వాష్‌బేసిను, తాళాలు, దోమల వలలు అద్దెదారు వంతు అన్నది. నమూనా చట్టం దానంతట అది మన రాష్ట్రంలో అమలయ్యేది కాదు, అందులోని మాటలను రాష్ట్ర శాసనసభ చట్టంగా చేస్తేనే ఇక్కడ వర్తిస్తాయి. అయినా అగ్రిమెంటు రాసుకునేటప్పుడు ఈ పంపకాన్ని ఎదురుగా పెట్టుకుంటే సగం తగవులు పుట్టవు. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని గీజర్లు తొందరగా పాడయ్యే మన ఊళ్లలో గీజరు ఎవరిదో ముందే తేల్చుకోవడం మరీ అవసరం.

అపోహ: "ఏసీ మనది, కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టించుకోవచ్చు."

వాస్తవం: ఏసీ మీదే, తీసుకుపోయే హక్కూ మీదే, గోడ మాత్రం కాదు. రంధ్రం కొట్టే ముందు అనుమతిని రాతలో తీసుకోండి, వెళ్లేటప్పుడు పూడ్పించండి. అన్నిటికన్నా ముఖ్యంగా ఏసీ నీళ్ల పైపును గోడకు వదిలేయకుండా కాలువ దాకా దింపించండి. ఎండాకాలమంతా ఆ నీరు కారి గోడ బయటివైపు నాచు పట్టడం, లోపలి వైపు రంగు పొక్కడం పటమటలోనూ బృందావన్ గార్డెన్స్‌లోనూ ప్రతి ఏటా చూస్తున్నాను.

అపోహ: "పన్నెండేళ్లు ఉండి, రిపేర్లు కూడా చేయించుకుంటే ఇల్లు అద్దెకున్నవారిది అయిపోతుంది."

వాస్తవం: ఇది శుద్ధ పుకారు. యజమాని అనుమతితో, అద్దె కడుతూ ఉన్నవారికి ఎన్నేళ్లున్నా ఆ విధంగా హక్కు రాదు. ఈ పుకారు విని యజమానులు రిపేరు బిల్లు ఇవ్వడానికి కూడా భయపడుతున్నారు, దానివల్ల ఇల్లే పాడవుతున్నది. దయచేసి దీన్ని ఇంకొకరికి చెప్పకండి.

అపోహ: "వరదకు పాడైనా ఇంట్లో ఉన్నవారే కట్టాలి."

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, ఉబ్బిపోయిన తలుపులకు డబ్బు అడిగారని సర్వం పోగొట్టుకున్న కుటుంబాలు నా దగ్గరకు వచ్చి బాధపడ్డాయి. ఆ నష్టం అద్దెదారు బాధ్యత కాదు, చట్టంలో మినహాయించిన విపత్తు అంటే ఇదే. ఇంట్లోని ముఖ్యమైన భాగం శాశ్వతంగా నివాసానికి పనికిరాకుండా పోతే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా అద్దెదారుకు ఉన్నది. అయితే నీరు తీసిన తర్వాత బురద ఎత్తించి తలుపులు తెరిచి ఆరబెట్టడం, ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ వేయకపోవడం, యజమానికి వెంటనే ఫోటోలు పంపడం ఇంట్లో ఉన్నవారు చేయవలసిన పనులే.

ఇల్లు చూడడానికి యజమాని వస్తానంటే కాదనే హక్కు అద్దెదారుకు లేదు, వేళ గాని వేళ వచ్చే హక్కు యజమానికి లేదు. ఇల్లు చేతికి వచ్చిన రోజునే గదిగదినీ, ప్రతి ట్యాపునూ, బాత్రూము మూలలనూ వీడియో తీసి ఇద్దరి దగ్గరా ఉంచుకోవాలి. ఖాళీ చేసే రోజున అదే వీడియో పక్కన పెట్టుకుని చూసి, కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి, అడ్వాన్సులో ఏదైనా కోత ఉంటే దేనికి ఎంత అన్నది కాగితం మీద రాయించుకున్న తర్వాతే తాళాలు ఇవ్వాలి.