అగ్ని గుర్రపు ఏడాది: 1966లో జపాన్‌లో నిజంగా ఏం జరిగింది

జపాన్‌లో 2026 హినోఎ ఉమా, అంటే అగ్ని గుర్రపు సంవత్సరం. అరవై ఏళ్లకోసారి వచ్చే ఈ ఏడాదిలో పుట్టిన ఆడపిల్ల మహా కోపిష్ఠి అవుతుందని, కట్టుకున్నవాడి ఆయుష్షు తీస్తుందని పాత నమ్మకం. అసలే జననాలు ఏటేటా పడిపోతున్న దేశం కాబట్టి, ఈ నమ్మకం మరో దెబ్బ కొడుతుందా అన్న చర్చ మళ్లీ రేగింది. కొడుతుందనేవాళ్లు చూపించే సాక్ష్యం 1966. ఆ సాక్ష్యాన్ని సగమే చదువుతున్నారు.

చైనా నుంచి జపాన్‌కు వెళ్లిన ఈ లెక్కలో ప్రతి ఏడాదికీ ఒక జంతువు, ఒక మూలకం ఉంటాయి. జంతువులు పన్నెండు; వాటి పరుగుపందెం కథను వదిలేద్దాం. కావలసింది లెక్క. సంవత్సరంలోంచి 4 తీసేసి 12తో భాగిస్తే వచ్చే శేషం జంతువును చెబుతుంది: 0 ఎలుక, 1 ఎద్దు, ఆ వరసలో 6 గుర్రం. అదే సంఖ్యను 10తో భాగిస్తే వచ్చే శేషం మూలకాన్ని చెబుతుంది: 0, 1 అయితే కర్ర, 2, 3 అయితే నిప్పు, ఆపైన రెండేసి చొప్పున మట్టి, లోహం, నీరు. 2026కి 2022 మిగులుతుంది. 12తో శేషం 6, 10తో శేషం 2. నిప్పు గుర్రం. గుర్రానికి సంప్రదాయం కేటాయించిన దిక్కు దక్షిణం, వేళ పగలు 11 నుంచి 1 వరకు, కాలం నడివేసవి, సొంత మూలకం కూడా నిప్పే. నిప్పు మీద నిప్పు పడినందువల్ల వేగం, స్వతంత్ర బుద్ధి, నిలకడలేనితనం వంటి గుర్రపు గుణాలు రెట్టింపవుతాయని జ్యోతిష్కులు అంటారు. అరవై ఏళ్ల చక్రం మనకూ ఉంది. 1966 ఉగాదితో మొదలైందీ, 2026 ఉగాదితో మొదలైందీ పరాభవ నామ సంవత్సరమే.

చైనాలోనూ ఈ జంటకు చెడ్డపేరు ఉంది. కానీ అక్కడి భయం ఆడపిల్లల గురించి కాదు, రాజ్యం గురించి. అగ్ని గుర్రం, దాని వెనకే వచ్చే అగ్ని మేక సంవత్సరాల్లో దేశానికి కీడు జరుగుతుందని దక్షిణ సాంగ్ రాజవంశం కాలంలో ఛాయ్ వాంగ్ అనే అధికారి చరిత్రలోంచి ఉదాహరణలు ఏరి పుస్తకమే రాశాడు. 1126-27లో ఉత్తరాది జుర్చెన్ తెగ సేనలు సాంగ్ రాజధాని కైఫెంగ్‌ను పట్టుకుని చక్రవర్తిని బందీగా తీసుకుపోవడం అందరికీ గుర్తున్న ఉదాహరణ. ఈ భయాన్ని ఆడపిల్ల జాతకం మీదికి మళ్లించింది జపాన్. 1683లో ఎదో (నేటి టోక్యో) అనే నగరంలో ఇంటికి నిప్పు పెట్టిందన్న నేరానికి ఒషిచి అనే కూరగాయల వర్తకుడి కూతురిని సజీవంగా దహనం చేశారు. ఆమె 1666 అగ్ని గుర్రపు ఏడాదిలో పుట్టిందన్న మాటను ప్రచారంలో పెట్టింది తరువాతి బొమ్మలాటలు, నాటకాలు. ఒక పిల్ల విషాదం కొన్ని తరాల ఆడపిల్లల పెళ్లిళ్లకు అడ్డుపడింది. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి ఆగదన్న మాటతో సంబంధాలు తప్పిపోయిన ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి కాబట్టి, ఈ బాధ తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక 1906. ఆ ఏడాది జపాన్‌లో నమోదైన జననాలు ముందటి ఏడాదికంటే సుమారు 4 శాతం మాత్రమే తగ్గాయి. తేడా మరోచోట కనబడింది. మామూలుగా 100 మంది ఆడపిల్లలకు 105 మంది వరకు మగపిల్లలు పుడతారు. 1906 నమోదుల్లో మగపిల్లలు 108 దాటారు. 1905, 1907లలో మాత్రం 103 దగ్గరే ఉన్నారు. అంటే కడుపులు ఆపలేదు. పుట్టిన ఆడపిల్ల తేదీని ముందు ఏడాది చివరికో, తరువాతి ఏడాది మొదటికో జరిపి కుటుంబ రిజిస్టరులో రాయించారు. అప్పట్లో తల్లిదండ్రుల చేతిలో ఉన్న సాధనం కలం ఒక్కటే.

తేదీ మార్చని ఆడపిల్లలు 1920ల నడుమ పెళ్లీడుకు వచ్చారు. సంబంధాలు తప్పిపోవడం, దిగులుతో ప్రాణం తీసుకోవడం పత్రికల్లో వార్తలయ్యాయి. 1966 నాటి తల్లులు, అమ్మమ్మలు ఒషిచి కథకంటే ఎక్కువగా విన్నది ఈ తరం సంగతే. నమ్మకం నిజమని కాదు, ఊరు నమ్ముతుందేమోనని భయపడ్డారు. తన కూతురు అలా నలిగిపోకూడదని ఒక తల్లి అనుకోవడాన్ని ఉత్త మూర్ఖత్వమని కొట్టిపారేయడం అన్యాయం.

అసలు మలుపు 1966లో వచ్చింది. ఆ లోగా రెండు మార్పులు జరిగాయి. 1948 చట్టంతో గర్భస్రావం చట్టబద్ధమైంది, మరుసటి ఏడాది సవరణతో ఆర్థిక కారణాలు కూడా చేరాయి. 1950లలో కుటుంబ నియంత్రణ ప్రచారం ఊరూరా నడిచింది. కండోమ్, డాక్టర్ ఒగినో చెప్పిన సురక్షిత దినాల లెక్క సామాన్యుల ఇళ్లకు చేరాయి. గర్భనిరోధక మాత్రకు జపాన్ అనుమతి ఇచ్చింది 1999లో గాని కాదు. అయినా ఒక్క ఏడాది ఆగడానికి ఆ రెండూ చాలాయి. 1965లో 18.24 లక్షల జననాలు, 1966లో 13.61 లక్షలు, 1967లో 19.36 లక్షలు. నాలుగో వంతు తగ్గి, మరుసటి ఏడాదే తిరిగి ఎగిసింది. ఒక స్త్రీకి సగటు సంతానం 2.14 నుంచి 1.58కి పడి 2.23కి లేచింది. నమోదైన గర్భస్రావాలు 1965కంటే పెరగలేదు. కాబట్టి ఎక్కువమంది చేసింది వాయిదా వేయడమే. చీకటి కోణమూ ఉంది. ఆ ఏడు ప్రమాదం, హింస కింద రాసిన నవజాత మరణాల రేటు ఆడశిశువుల్లో పక్క ఏళ్లకంటే ఎక్కువగా ఉందని 1975లో ఒక పరిశోధన చూపింది.

పుట్టబోయేది ఆడో మగో 1966లో ముందుగా తెలిసే దారి లేదు. అందుకే ఆడపిల్ల భయంతో మగపిల్లల జననాలు కూడా పడిపోయాయి. దక్షిణ కొరియాలో గుర్రపు ఏడాది ఆడపిల్ల మొండిదన్న నమ్మకం ఉంది. 1990 అక్కడ తెల్ల గుర్రపు, అంటే లోహ గుర్రపు సంవత్సరం. అప్పటికి స్కానింగ్ యంత్రాలు ఆస్పత్రులకు వచ్చేశాయి. లింగం చెప్పడాన్ని 1987లోనే నిషేధించినా ఆగలేదు. ఆ ఏడాది 100 మంది ఆడపిల్లలకు 116.5 మంది మగపిల్లలు పుట్టారు. కొడుకు కావాలన్న ఆరాటం అక్కడ అంతకుముందే ఉంది, గుర్రం దాన్ని ఇంకాస్త పెంచింది. నమ్మకం మూడుచోట్లా దాదాపు ఒకటే. 1906లో అది తేదీలను మార్చింది, 1966లో కాన్పులను వాయిదా వేయించింది, 1990లో ఆడపిల్లలను కడుపులోనే ఏరివేసింది. ఏది జరుగుతుందో నిర్ణయించింది గుర్రం కాదు, ఆ సమయానికి చేతికందిన సాధనం.

1966లో పుట్టిన పిల్లల మీద శాపమేదీ పడలేదు. వాళ్ల తరగతుల్లో పిల్లలు తక్కువగా ఉన్నారు, అంతే. 1966 సెప్టెంబర్ 11న పుట్టిన కికో 1990లో యువరాజు అకిషినోను పెళ్లాడింది. ఇప్పుడు సింహాసనానికి మొదటి వారసుడు ఆమె భర్త, రెండో వారసుడు ఆమె కొడుకు.

1989లో సగటు సంతానం 1.57కి దిగింది. ఏ భయమూ లేని మామూలు ఏడాదిలో అగ్ని గుర్రపు ఏడాదికంటే తక్కువ. మరుసటి ఏడాది ఆ అంకె బయటపడ్డాక ప్రభుత్వం ఉలిక్కిపడింది, 1994లో శిశు సంరక్షణ కోసం ఏంజెల్ ప్లాన్ తెచ్చింది. 2024లో సగటు సంతానం 1.15. జననాలు 6.86 లక్షలు.

ఈ ఏడాదీ జననాలు పడిపోతాయనేవాళ్ల వాదనలో కొంత బలం లేకపోలేదు: పెద్దవాళ్ల ఒత్తిడి ఉంటుంది, నమ్మకపోయినా ఎందుకొచ్చిన గొడవ అనుకునేవాళ్లు ఉంటారు. కానీ 1966 నాటి తల్లులు తొలి కాన్పుకు సగటున 25, 26 ఏళ్ల వయసులో ఉండేవారు. ఒక ఏడాది ఆగితే పోయేదేమీ లేదు. ఇప్పుడు ఆ సగటు 31. అందులో చాలామందికి ఏడాది ఆగడమంటే రెండో బిడ్డను వదులుకోవడమే. పెళ్లే చేసుకోని యువతరం, ఇంటి అద్దె, ఆఫీసు గంటలు, పిల్లల సంరక్షణ భారమంతా తల్లి మీదే పడటం, వీటి గురించి మాట్లాడాల్సిన చోట గుర్రం గురించి మాట్లాడితే జవాబు చెప్పాల్సిన వాళ్లు తప్పించుకుంటారు.

అంకెలు చూసేటప్పుడు మూడు పొరపాట్లకు అవకాశం ఉంది. మొదటిది, ఏడాది ఎప్పుడు మొదలవుతుందన్నది. 1873లో కొత్త క్యాలెండర్‌కు మారిన జపాన్‌లో గుర్రపు ఏడాది జనవరి 1నే మొదలైంది. చైనా పండుగ లెక్కలో ఫిబ్రవరి 17న, జాతకాలు వేసేవాళ్లలో చాలామంది పాటించే వసంతారంభం లెక్కలో ఫిబ్రవరి 4న. 2026 జనవరి 20న పుట్టిన పాప టోక్యోలో గుర్రం, బీజింగ్‌లో పాము. రెండోది, నెలనెలా వచ్చే తొలి లెక్కల్లో జపాన్‌లోని విదేశీయుల పిల్లలు కూడా ఉంటారు, జూన్‌లో వచ్చే వార్షిక లెక్కలో ఉండరు. 2024కి తొలి లెక్క 7.21 లక్షలు, వార్షిక లెక్క 6.86 లక్షలు. ఒక ఏడాది తొలి లెక్కను మరో ఏడాది వార్షిక లెక్కతో పోలిస్తే లేని మార్పు కనిపిస్తుంది. మూడోది, 2023, 2024లలో ఏ గుర్రమూ లేకుండానే జననాలు ఏడాదికి 5 శాతానికి పైగా తగ్గాయి. 2026లో అంతే తగ్గితే అది పాత జబ్బే.

గుర్రం పని చేసిందో లేదో ఒక్క 2026 అంకెతో తేలదు. 1966 ప్రభావానికి గుర్తు జననాలు పడిపోవడం ఒక్కటే కాదు, 1967లో తిరిగి లేవడం కూడా. 2026 వార్షిక లెక్క 2027 జూన్‌లో వస్తుంది, 2027ది 2028 జూన్‌లో. వాయిదా పడిన బిడ్డలు ఉంటే వాళ్లు కనిపించాల్సింది ఆ రెండో లెక్కలోనే.