పేరుకే బోవా

కరీబియన్ దీవుల్లో ట్రోపిడోఫిస్ అనే పాములు ఉన్నాయి. వీటిలో చాలా జాతులు మూరెడుకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి. క్యూబాలోని ట్రోపిడోఫిస్ మెలాన్యూరస్ మాత్రం మీటరు దాకా పెరుగుతుంది. వీటికి విషం లేదు, చేత్తో పట్టుకున్నా కాటు వేయడం అరుదు. ఉండలా చుట్టుకుని తలను లోపల దాచేసుకుంటాయి. తోక మొదట్లోని గ్రంథుల నుంచి కంపు వదులుతాయి. ఇంకా విసిగిస్తే కొన్ని జాతుల కళ్లు నెత్తురు నిండి ఎర్రబడతాయి, నోట్లోంచీ ముక్కులోంచీ రక్తం కారుతుంది. ఒంటి మీద గాయమేమీ ఉండదు. తినబోయిన జంతువుకు వెగటు పుట్టించడానికే పాము అలా తన రక్తం తానే చిందిస్తుందని శాస్త్రవేత్తల ఆలోచన.

ఇంగ్లిష్‌లో వీటిని డ్వార్ఫ్ బోవాలు, అంటే మరుగుజ్జు బోవాలు అంటారు. బోవాలంటే ఎరను చుట్టి బిగించే పాముల కుటుంబం, అనకొండ అందులోదే. కానీ ఇవి బోవాలు కావు. వీటి కథలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇదే.

ఆ పేరు ఊరికే రాలేదు. 1837లో శాస్త్రవేత్త ష్లెగెల్ మెలాన్యూరస్‌ను వర్ణించినప్పుడు బోవా ప్రజాతిలోనే చేర్చాడు. 1960లో ష్వార్ట్జ్, మార్ష్ ఈ పాముల మీద చేసిన ముఖ్యమైన సమీక్ష కూడా వీటిని బోవా కుటుంబం కిందే లెక్కించింది. చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఇవి ఎరను చుట్టి బిగిస్తాయి, గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కంటాయి. మగవాటికి తోక మొదట్లో ఇరుపక్కలా చిన్న గోళ్లలాంటివి ఉంటాయి. పాముల పూర్వీకులకు ఒకప్పుడు ఉన్న వెనక కాళ్లలో మిగిలినవి అవే. బోవాలకూ కొండచిలువలకూ కూడా ఇవి ఉన్నాయి.

చిక్కంతా ఆ గోళ్ల దగ్గరే ఉంది. ముత్తాతల నాటి ఇత్తడి బిందె రెండిళ్లలో ఉన్నంత మాత్రాన ఆ ఇళ్లవాళ్లు అన్నదమ్ముల పిల్లలు కానక్కర్లేదు, ఎంత దూరపు దాయాదుల ఇళ్లలోనైనా ఉండొచ్చు. పాత లక్షణం మిగిలి ఉందంటే అది పోలేదని మాత్రమే అర్థం. దగ్గరి చుట్టరికాన్ని చూపేవి మధ్యలో కొత్తగా వచ్చిన లక్షణాలే.

2002లో విల్కాక్స్ బృందం డీఎన్‌ఏను పోల్చి చూసింది. అప్పటిదాకా ఒకే కుటుంబంగా చూస్తున్న మరుగుజ్జు పాములు రెండుగా విడిపోయాయి. మెక్సికో, మధ్య అమెరికాల్లో ఉండే ఉంగాలియోఫిస్, ఎక్సిలిబోవా నిజంగానే బోవాల వైపు వెళ్లాయి. ట్రోపిడోఫిస్, దాని దగ్గరి బంధువు ట్రాకీబోవా మాత్రం పాముల వంశవృక్షంలో చాలా కింది కొమ్మ మీద తేలాయి. ఆ కొమ్మ మీద వాటికి తోడుగా నిలిచింది అనీలియస్. అమెజాన్ ప్రాంతంలో మట్టిలో తిరిగే ఎరుపు, నలుపు పట్టీల పాము అది. చూపులకు ఈ రెంటికీ పొంతనే లేదు. కానీ 2011లో పునరుత్పత్తి అవయవాలను పరిశీలించినప్పుడు, ఆడపాముల అండనాళాలు చివర కలిసే తీరు ఈ రెంటిలో ఒకేలా, మిగతా పాములకు భిన్నంగా కనిపించింది. డీఎన్‌ఏ చెప్పినదానికి శరీరం నుంచే సాక్ష్యం దొరికినట్టయింది.

దీన్నిబట్టి చూస్తే, అనకొండకు ఈ మరుగుజ్జు బోవా కంటే మన నాగుపామే దగ్గరి చుట్టం. మన మెట్ట పొలాల్లో కనిపించే రెండు తలల పాము ఉంది కదా, లక్షలు పలుకుతుందని స్మగ్లర్లు ఎగబడే ఆ అమాయకపు జీవి, అది మాత్రం అసలైన బోవాల వంశంలోదే.

ఈ చీలిక ఎంత పాతదో కూడా ఆలోచించాలి. 2007లో విదాల్ బృందం ట్రోపిడోఫిస్, అనీలియస్‌ల కొమ్మకు అమెరోఫిడియా అనీ, బోవాలూ కొండచిలువలూ నాగుపాములూ ఉన్న పెద్ద కొమ్మకు ఆఫ్రోఫిడియా అనీ పేర్లు పెట్టింది. సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట దక్షిణ అమెరికా, ఆఫ్రికా ఖండాలు విడిపోయినప్పుడు ఈ రెండు వంశాలూ వేరయ్యాయని వాళ్ల వాదన. దీనితో ఇంకో ప్రశ్న పుట్టింది. ట్రోపిడోఫిస్ నోరు బోవాలా బాగా సాగుతుంది, అనీలియస్ నోరు సాగదు. అంటే పెద్ద ఎరను మింగే నోరు పాముల్లో రెండుసార్లు విడివిడిగా పుట్టిందా, లేక అనీలియస్ వంశం దాన్ని పోగొట్టుకుందా? దీని మీద చర్చ ఇంకా నడుస్తోంది.

ఇవి ఎక్కువగా రాత్రి తిరుగుతాయి. చిన్న కప్పలు, కొమ్మల మీద నిద్రపోతున్న అనోల్ బల్లులు వీటి ఆహారం. కొన్ని జాతులు పగలు ముదురు రంగులో, రాత్రి లేత రంగులో ఉంటాయి. చర్మకణాల్లోని నల్లని రంగురేణువులు చెదిరినప్పుడు ఒళ్లు ముదురుగా, దగ్గరికి చేరినప్పుడు లేతగా కనిపిస్తుంది. పాముల్లో ఇది అరుదైన విద్య.

ఈ ప్రజాతిలో 30కి పైగా జాతులున్నాయి, సగానికి సగం క్యూబాలోనే. కొన్ని దక్షిణ అమెరికాలోనూ ఉన్నాయి. ఈక్వడార్‌లో కొత్తగా దొరికిన జాతికి 2022లో ఆదివాసీ హక్కుల నాయకురాలు దొలొరెస్ కకువాంగో పేరు పెట్టారు. దీవుల జాతులను 2002లో బ్లెయిర్ హెడ్జెస్ మళ్లీ పరిశీలించి, అప్పటిదాకా ఉపజాతులుగా ఉన్న చాలావాటిని వేరే జాతులుగా గుర్తించాడు. కేమన్ దీవులు మూడింటిలో ఒక్కోదానికి ఒక్కో జాతి ఉందని అలాగే తేలింది.

ఇదంతా పేర్ల గొడవే కదా అనిపించొచ్చు. నావాసా సంగతి చూడండి. హైతీ, జమైకాల మధ్య సుమారు 5 చదరపు కిలోమీటర్ల దీవి అది. 19వ శతాబ్దంలో పక్షి రెట్టల ఎరువు కోసం దాన్ని తవ్వేశారు. మేకలు, పిల్లులు, ఎలుకలు వచ్చి చేరాయి. 1868లో కోప్ వర్ణించిన అక్కడి పాము బుక్యులెంటస్ ఆ శతాబ్దం తర్వాత ఎవరికీ కనిపించలేదు. దాన్ని క్యూబా మెలాన్యూరస్‌కు ఉపజాతిగా లెక్కించినంత కాలం, క్యూబాలో ఆ పాము బాగానే ఉంది కాబట్టి, లెక్కల్లో ఏ జాతీ పోలేదు. వేరే జాతి అని గుర్తించాకే, ఒక దీవికి మాత్రమే సొంతమైన పాము బహుశా పూర్తిగా అంతరించిందని నమోదయింది.