కొకైన్ టన్నులకొద్దీ పట్టుబడుతోందంటే రవాణా తగ్గినట్టేనా?

ఓడరేవులో ఏ కంటైనర్ తెరవాలో, దేన్ని వదిలేయాలో తేల్చడం మా పని. మాకు తరచూ వినబడే మాటలు ఇవీ.

అపోహ: ఎక్కువ పట్టుకుంటే సరుకు తగ్గిపోతుంది.
వాస్తవం: ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లో తయారైన కొకైన్ 3,708 టన్నులు, పట్టుబడింది 2,275 టన్నులు. రెండింటినీ తీసివేత వేసి మిగిలిందే బజారుకు వెళ్లిందనుకోకండి. మొదటిది శుద్ధమైన కొకైన్ లెక్క; రెండోది కల్తీతో సహా తూచినది. 2013 నుంచి 2023 దాకా పట్టివేతలు పెరిగిన పదేళ్లలోనే వాడేవాళ్లు 1.7 కోట్ల నుంచి 2.5 కోట్లకు చేరారు.

అపోహ: బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో పట్టివేతలు తగ్గాయి కాబట్టి యూరప్‌కు రావడమే తగ్గింది.
వాస్తవం: అక్కడ 2023లో 116 టన్నులు, 2024లో 44 టన్నులు పట్టుబడ్డాయి. నిఘా బిగిసిన మాట నిజమే. కానీ ముఠాలు ఊరుకోవు కదా! లోడును ముక్కలు చేసి చిన్న రేవులకు పంపుతాయి, నడిసముద్రంలోనే పడవలకు దించేస్తాయి. అదే 2024 అక్టోబరులో స్పెయిన్‌లోని అల్హెసిరాస్‌లో ఒక్క అరటిపళ్ల కంటైనర్‌లో 13 టన్నులు దొరికాయి. అది వచ్చింది ఈక్వెడార్‌లోని గ్వాయకిల్ నుంచి. కొకైన్ తీసే కోకా మొక్క సాగు ప్రధానంగా పొరుగున కొలంబియా, పెరూల్లో; ఈక్వెడార్‌కు ఉన్నది అరటి ఎగుమతి. ఎక్కువసేపు ఆపితే పళ్లు పాడైపోతాయి, తనిఖీకి టైం తక్కువ. ముఠాలకు కావలసిందీ అదే.

అపోహ: కంటైనర్‌లో దొరికిందంటే ఎగుమతిదారే దొంగ.
వాస్తవం: చాలాసార్లు ఆయనకు సంగతే తెలియదు. సీలు తెంచి, తలుపు వెనకే సంచులు పడేసి, నకిలీ సీలు బిగిస్తారు. అవతలి రేవులో సంచులు లాగేశాక వేయడానికి అదే నంబరుతో ఇంకో సీలు సంచిలోనే ఉంటుంది. తలుపు తీయగానే సరుకుతో సంబంధం లేని స్పోర్ట్స్ బ్యాగులు కనిపిస్తే మాకు సగం కథ అర్థమైపోతుంది.

జలాంతర్గాముల్లోనే వస్తుందనేది ఇంకోటి. 2019లో స్పెయిన్‌లోని గలీసియా తీరంలో సుమారు 3 టన్నులతో ఒకటి దొరికింది, నిజమే. సినిమా కథలా ఉంటుంది కాబట్టి అందరికీ గుర్తుండిపోయింది; అంతమాత్రాన సరుకంతా అలాగే వస్తుందని కాదు.

అపోహ: స్కానర్, కుక్క ఉంటే చాలు.
వాస్తవం: బొగ్గులోనో ప్లాస్టిక్‌లోనో రసాయనికంగా కలిపేస్తే స్కానర్‌కు బొగ్గే కనిపిస్తుంది; కుక్కా పసిగట్టలేకపోవచ్చు. దాన్ని మళ్లీ విడదీసే ల్యాబులు యూరప్‌లోనే బయటపడ్డాయి. అందుకే మేం ముందు కాగితాలు చూస్తాం: ఎన్నడూ బొగ్గు తెప్పించని కంపెనీ, రవాణా ఖర్చు కూడా గిట్టని ధరకు, అంత దూరం నుంచి ఎందుకు తెప్పించుకుంటోంది?